మజిలీ విలువ

ప్రయాణమనగా గమ్యమును చేరుటయే యని పలువురు తలంతురు. ఎంత త్వరగా చేరిన అంత లాభమనియు, నడుమ ఆగిన ప్రతి గడియయు నష్టమనియు వారి లెక్క. సరుకులను చేరవేయువానికి ఈ లెక్క సరిపోవచ్చును. కాని ఒక దేశమును చూడవలెననియు, అచటి మనుష్యులను తెలిసికొనవలెననియు కోరువానికి ఇది చాలదు. మజిలీ చేయుట యెరుగనివాడు దూరమును దాటును గాని దేశమును చూడజాలడు. ఈ మాట యెంత నిజమో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున కాలువపై పడవలో పోవువారికి చక్కగా బోధపడును.

ఆ కాలువ పేరు కనాల్ దు మిది; అనగా దక్షిణపు కాలువ. తూలూజ్ నగరమునుండి మధ్యధరా సముద్ర తీరముననున్న తో సరస్సు వరకు అది సుమారు 240 కిలోమీటర్ల పొడవున సాగుచున్నది. పదునాలుగవ లూయీ రాజు కాలమున, 1666లో, పియేర్ పాల్ రికే అను ఉప్పుపన్ను గుత్తదారు ఈ మహాకార్యమునకు పూనుకొనెను. నల్లకొండల వాగులనుండి నీటిని మళ్లించి, నోరూజ్ అను మిట్టకు తెచ్చి, అచటినుండి ఇరువైపులకును పారించుట ఆయన పన్నిన ఉపాయము. ఇందుకై ఆయన తన సొంత ధనమును గూడ ధారవోసెను. 1680లో ఆయన కన్నుమూసెను. మరుసటి యేడు కాలువ పూర్తియయ్యెను. 1996లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది.

మిట్టపల్లములను దాటుటకు ఈ కాలువపై లాకులు కలవు. గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలపై లాకులను చూచినవారికి వాని పని క్రొత్త కాదు. తలుపులు మూసి నీరు నింపినచో పడవ పైకి లేచును. నీరు విడిచినచో క్రిందికి దిగును. లాకు తలుపులు తెరచువరకు ఎంతటి తొందరపరుడైనను వేచియుండక తప్పదు. పైగా పడవ గంటకు 8 కిలోమీటర్లకు మించి పోరాదని అచటి నిబంధన. కాలువపై పోవువాడు ఓర్పును తప్పక నేర్చుకొనును.

నార్బోన్ పట్టణమునకు సమీపమున ఈ కాలువ గట్టుననే లె సొమాయ్ అను కుగ్రామము కలదు. అది పుట్టుటకు కారణమే మజిలీ. పూర్వము గుఱ్ఱములు గట్టుపై నడచుచు త్రాళ్లతో లాగు టపాపడవలు తూలూజ్ నుండి ఆగ్ద్ పట్టణమునకు నాలుగు దినములలో చేరెడివి. ప్రయాణికులు రాత్రి విశ్రమించు మజిలీలలో లె సొమాయ్ ఒకటి. వారి భోజనమునకును నిదురకును సత్రము, ప్రార్థనకు చిన్న చర్చి, కాలువను దాటుటకు విల్లువలె వంగిన రాతివంతెన వెలసెను. ఆ కట్టడములు నేటికిని నిలిచియున్నవి.

1857లో బోర్డో నుండి సెత్ వరకు రైలుమార్గము పూర్తియయ్యెను. నాలుగు దినముల పయనము కొన్ని గంటలలోనికి వచ్చెను. పడవ ప్రయాణికులు తగ్గిపోయిరి. సరుకుల పడవలు మరికొంతకాలము నడచి, ఇరువదవ శతాబ్ది ముగియకముందే అవియు ఆగిపోయెను. వేగము లోకమునకు మేలు చేయలేదని ఎవరును అనజాలరు. అయినను ఆగువారిని నమ్ముకొని బ్రదికిన పల్లెలకు అది జీవనాధారమును లేకుండ చేసినదనుట గూడ సత్యమే.

నేడు వినోదయాత్రికుల పడవలు మరల అచట ఆగుచున్నవి. ఆగినవాడు పొందు లాభమేమి? రైలు కిటికీనుండి చూచువానికి ఆ పల్లె ఒక క్షణకాలపు చిత్రము. పడవ కట్టి దిగినవానికి అది మనుష్యులుండు చోటు. రొట్టె కొనుటకు దుకాణములో అడుగిడినవాడు ముందుగా "బోంజూర్" అని పలుకరించి, పిమ్మటనే తనకు కావలసినది అడుగవలెను. ఇది ఆ దేశపు మర్యాద. ఇట్టి చిన్న సంగతులు పటములలో కానరావు. ఆ కుగ్రామములోనే వేలకొలది పాతపుస్తకములతో నిండిన పుస్తకశాల యొకటి పేరుపొందినది. వేగముగ పోవువాడు అట్టిదొకటి యున్నదని ఊహింపనైన ఊహింపడు.

తెలుగువారికి ఈ భావము క్రొత్త కాదు. కాశికి కాలినడకన పోవుచు మణిసిద్ధుడను యతి తన శిష్యునకు మజిలీ మజిలీకి ఒక కథ చెప్పినట్లు మధిర సుబ్బన్న దీక్షితులు "కాశీమజిలీ కథలు" రచించిరి. అందు ప్రతి కథయు ఆగినచోటనే పుట్టినది.

అయితే ఆగుటయు నేర్వవలసిన విద్యయే. ఆ కాలువ గట్లపై పందొమ్మిదవ శతాబ్దిలో నాటిన ప్లేన్ చెట్లు వేలకొలది బారులు తీరి నీడనిచ్చుచుండెడివి. వాని వేళ్లు గట్లను గట్టిగా పట్టి నిలిపెడివి. 2006లో ఆ చెట్లకు ఒక బూజు తెగులు సోకినట్లు కనుగొనిరి. ఆ తెగులు చెట్టునకు తగిలిన గాయముల గుండ లోనికి ప్రవేశించును. పడవ త్రాడు ఒరసికొనినను, పడవ అంచు వేరునకు తగిలినను గాయమగును. కావున చెట్లకు పడవలు కట్టరాదనియు, గట్టున మేకులు పాతియే కట్టవలెననియు యాత్రికులకు చెప్పుచున్నారు. తెగులు సోకిన చెట్లను వేలకొలదిగా కొట్టి కాల్చివేసిరి. వాని స్థానమున ఇతర జాతుల మొక్కలను నాటుచున్నారు. నీడకై చెట్టు క్రింద ఆగిన అతిథియే ఏమరుపాటున ఆ చెట్టునకు మృత్యువును తెచ్చునేని, ఆ మజిలీ వలన ఎవరికి మేలు?

కావున వేగముగ పోవువానికంటె ఆగువాడు మేలు. ఆగువారిలోను ఆతిథ్యమిచ్చిన చోటును కాపాడువాడు ఉత్తముడు. పల్లె యాత్రికునికి నీడను, నీటిని, మంచిమాటను ఇచ్చును. మరల వచ్చువానికి గూడ అవి మిగిలియుండునట్లు చూచుట యాత్రికుని ధర్మము. ఫ్రాన్సులోని కాలువ గట్టుననైనను, స్వగ్రామపు చెరువు గట్టుననైనను ఈ ధర్మము ఒక్కటే.