సొమ్మొకడిది, సోకొకడిది

సెప్టెంబరు వచ్చిందంటే అమెరికాలో శనివారాలు కాలేజీ ఫుట్‌బాల్‌వి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలోనూ ఆ రోజు టీవీ ముందు రెండు పక్షాలు తయారవుతాయి. పిల్లాడు చదివిన యూటీ ఆస్టిన్ ఒకవైపు, మేనకోడలు చదువుతున్న టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఇంకోవైపు. ఆట జరుగుతున్నంతసేపూ వాదులాడుకునే ఈ రెండు పక్షాలూ విరామంలో మాత్రం ఒక్క మాట మీదికొస్తాయి. డబ్బొచ్చి కాలేజీ ఆటను చెడగొట్టిందట. కుర్రాళ్లు కూలికి ఆడుతున్నారట. ఏడాదికో కాలేజీ మారుతున్నారట. ఇదివరకైతే ఆట మీద ప్రేమతో ఆడేవాళ్లట.

ఈ మాట సోఫాల మధ్యే ఆగలేదు. అలబామా విశ్వవిద్యాలయ జట్టును ఆరుసార్లు జాతీయ విజేతగా నిలిపిన కోచ్ నిక్ సేబన్ 2024 మార్చిలో వాషింగ్టన్‌లో సెనేటర్ల దగ్గర కూర్చుని, తాను ఇన్నేళ్లూ నమ్మిన విలువలు కాలేజీ ఆటల్లో మిగల్లేదని వాపోయారు. ఆయన బాధను శంకించనక్కర్లేదు. కానీ రిటైరయ్యే నాటికి ఆయన జీతం ఏడాదికి కోటీ పది లక్షల డాలర్ల పైమాటే. అదే మైదానంలో ఒళ్లు హూనం చేసుకున్న కుర్రాళ్లకు 2021 జూలై దాకా తమ పేరు మీద, తమ బొమ్మ మీద ప్రకటన చేసి ఒక్క డాలరు సంపాదించే హక్కు కూడా లేదు. డబ్బు కొత్తగా వచ్చిందనడమే తప్పు. అది ఎప్పటినుంచో ఉంది. ఆడేవాడి చేతికి అందడం ఒక్కటే కొత్త.

ఎంత డబ్బు? కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏటా మార్చిలో జరిగే టోర్నీ ప్రసార హక్కుల కోసం సీబీఎస్, టర్నర్ సంస్థలు 2010లో పద్నాలుగేళ్లకు 1,080 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. 2023 నవంబరులో టెక్సస్ ఏ అండ్ ఎమ్ తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసింది. ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించాల్సింది ఏడున్నర కోట్ల డాలర్లకు పైనే. పని చేసినందుకు కాదు, ఇక చేయనక్కర్లేదని ఇంటికి పంపినందుకు. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఖాతాలో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరూ కాదు, సర్జనూ కాదు, కాలేజీ జట్టు కోచ్.

ఇప్పుడు ఆ డబ్బుకు రెండో వైపు. 2014 ఏప్రిల్ 7న డాలస్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ స్టేడియంలో 79 వేల మంది ముందు కనెక్టికట్ విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచింది. గెలిపించిన షబాజ్ నేపియర్ ఆ రోజుల్లోనే విలేకరులకు చెప్పాడు, కొన్ని రాత్రులు తిండి లేక ఆకలితోనే పడుకున్నానని. అతని పేరున్న జెర్సీలు దుకాణాల్లో అమ్ముడుపోతున్నాయి. వారం దాటగానే కాలేజీ ఆటల పాలక సంస్థ ఎన్‌సీఏఏ భోజనం మీద ఉన్న ఆంక్షలను ఎత్తేసే నిర్ణయానికి వచ్చింది. అంటే అప్పటిదాకా కుర్రాడికి కడుపునిండా అన్నం పెట్టడం కూడా నిబంధనలకు లోబడే జరగాలి. సొమ్మొకడిది సోకొకడిది అని మన పెద్దవాళ్లు అన్నది ఇలాంటిదాన్ని చూసే అయ్యుంటుంది.

డబ్బు తీసుకోకుండా ఆడటమే ఆట పవిత్రత అన్న ఆలోచన పుట్టుకను కాస్త ఆగి చూడాలి. అది ఆట మీద భక్తితో పుట్టలేదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో హెన్లీ పడవ పందేలకు రాసుకున్న నిబంధనల్లో చేతిపనివాళ్లు, కూలీలు పోటీకే అనర్హులు. ఒంటి కష్టం చేసి బతికేవాడు దొరల సరసన తెడ్డు వేయకూడదు. క్రికెట్‌లో అయితే 1962 దాకా ‘జెంటిల్మెన్’ వేరు, ‘ప్లేయర్స్’ వేరు. డబ్బు తీసుకోని దొరల పేర్లకు పొడి అక్షరాలు ముందు అచ్చు వేసేవారు, జీతానికి ఆడేవాళ్లకు వెనక. 1950 ప్రాంతంలో ఒకసారి లార్డ్స్ మైదానంలో ఫ్రెడ్ టిట్మస్ అనే కుర్ర బౌలర్ పేరులో అక్షరాలు పొరపాటున ముందు పడ్డాయి. తప్పు దిద్దుకుంటున్నామని మైకులో ప్రకటించారు. పంక్తిభోజనాల్లో ఎవరెక్కడ కూర్చోవాలో తెలిసిన సమాజానికి ఇందులో సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

అమెరికా ఆ నియమాన్ని అరువు తెచ్చుకుంది. దానికి బలైనవాళ్లలో మొదట తలుచుకోవలసింది జిమ్ థోర్ప్‌ను. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచిన ఆ ఆదివాసీ వీరుడు అంతకుముందు వేసవి సెలవుల్లో చిన్న జట్టుకు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడని 1913లో పతకాలు లాగేసుకున్నారు. ఒలింపిక్ సంఘం అతన్నొక్కడినే విజేతగా మళ్లీ గుర్తించింది 2022లో. అప్పటికి అతను పోయి అరవై తొమ్మిదేళ్లు.

కాలేజీ ఆటగాళ్లకు తగిలించిన ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే మాట ఎంత చక్కగా వినిపిస్తుందో అంత చల్లగా తయారైంది. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీకి ఫుట్‌బాల్ ఆడుతూ రే డెనిసన్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇవ్వాలని భార్య కోర్టుకెళ్లింది. కాలేజీ చేసేది ఫుట్‌బాల్ వ్యాపారం కాదు కాబట్టి అతను ఉద్యోగి కాడని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి దావాలను తట్టుకోవడానికే ఆ పదాన్ని తయారుచేసి ఊరూరా వాడించామని ఎన్‌సీఏఏను 1951 నుంచి 1988 దాకా నడిపిన వాల్టర్ బైయర్సే తన పుస్తకంలో ఒప్పుకున్నారు. ఆ పదం ఎంతకాలం పనిచేసిందంటే, 1974లో టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయానికి ఆడుతూ మెడ విరిగి చచ్చుబడిపోయిన కెంట్ వాల్‌డ్రెప్ కేసులో కూడా అతను ఉద్యోగి కాడనే 2000లో టెక్సస్ కోర్టు తీర్పు. ఆట మీద ప్రేమతో ఆడిన బంగారు కాలం అంటూ అభిమానులు తలుచుకుంటున్న కాలం ఇదే.

ఉచితంగా చదువు చెప్పిస్తున్నారు కదా, అది చాలదా అంటారు. చదువు నిజంగా అందితే అది విలువైనదే, లక్షలు అప్పు చేసి పిల్లల్ని అక్కడికి పంపే తెలుగు తల్లిదండ్రులకు ఆ విలువ బాగా తెలుసు. అందుకే నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో జరిగింది వాళ్లకు మరింత కోపం తెప్పించాలి. క్లాసులు జరగకుండానే, ఒక్క వ్యాసం రాసిస్తే మార్కులు పడే కోర్సులు అక్కడ పద్దెనిమిదేళ్లు నడిచాయి. 2014లో బయటపడ్డ విచారణ నివేదిక ప్రకారం 3,100 మందికి పైగా విద్యార్థులు వాటిలో చేరారు, దాదాపు సగం మంది క్రీడాకారులు. జీతం బదులు చదువిస్తామన్నారు, చివరికి ఆ చదువూ ఇవ్వలేదు.

ఇక విశ్వాసం సంగతి. కుర్రాడు జట్టు మారితే ద్రోహి అనే అభిమాని, కోచ్ మారితే ఏమంటాడు? 2021 నవంబరులో బ్రయన్ కెలీ నోటర్ డామ్‌ను వదిలి లూసియానా స్టేట్‌కు వెళ్లిపోయారు, పదేళ్లకు తొమ్మిదిన్నర కోట్ల డాలర్ల ఒప్పందం. అప్పటికి నోటర్ డామ్‌కు జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ ఆశలు ఇంకా సజీవంగానే ఉన్నాయి. 2025 నవంబరులో లేన్ కిఫిన్ అయితే పదకొండు ఆటలు గెలిచిన ఓల్ మిస్ జట్టును ప్లేఆఫ్ ముంగిట వదిలేసి అదే లూసియానా స్టేట్‌కు వెళ్లారు. విశ్వవిద్యాలయాలూ వాళ్లకేం తీసిపోలేదు. 1915 నాటి మూలాలున్న పశ్చిమతీర లీగ్ పాక్-12ను వదిలి, టీవీ డబ్బు కోసం లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ, సదరన్ కాలిఫోర్నియా 2024లో బిగ్ టెన్‌లో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న స్టాన్‌ఫోర్డ్, బర్కిలీ అట్లాంటిక్ తీర లీగ్‌లో ఆడుతున్నాయి. వాలీబాల్ ఆడే పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఇప్పుడు వారం మధ్యలో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు ఎగిరివెళ్లి, తెల్లారి పరీక్షకు తిరిగి రావాలి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్లు తరాల తరబడి ఏటా ఆడుకున్న ఫుట్‌బాల్ పోరు 2023తో ఆగిపోయింది, ఒక జట్టు ఎక్కువ ఆదాయమున్న లీగ్‌కు వెళ్లిపోయింది కాబట్టి. ఇవేవీ కుర్రాళ్లు చేసిన పనులు కావు.

ఈ ఫిర్యాదు తెలుగు ఇళ్లలో వినిపించినప్పుడు మరీ కష్టంగా ఉంటుంది. ఎమ్మెస్‌కు ఒక కాలేజీలో చేరి, ఫీజు తక్కువని సెమిస్టరు కాగానే ఇంకో కాలేజీకి మారిన పిల్లాడిని ఎవరైనా తప్పుపట్టారా? ఆరేళ్లలో మూడు కంపెనీలు మారి జీతం రెట్టింపు చేసుకున్న అల్లుడి గురించి గర్వంగా చెప్పుకోని ఇల్లుందా? ఆ స్వేచ్ఛ తమ పిల్లలకు తెలివి, పక్కింటి నల్లజాతి కుర్రాడికి దురాశ ఎలా అవుతుంది? నిజానికి ఈ డబ్బులో తమలాంటివాళ్లకు జరుగుతున్న అన్యాయం ఒకటుంది. ఎఫ్-1 వీసా మీద ఆడే విదేశీ క్రీడాకారులు అమెరికా గడ్డ మీద ప్రకటనల్లో పనిచేసి సంపాదించలేరు. పర్డ్యూ బాస్కెట్‌బాల్ జట్టును 2024 ఫైనల్ దాకా మోసిన కెనడా కుర్రాడు జాక్ ఈడీకి ఎదురైన చిక్కు అదే. క్యాంపస్ బయట గంట పని చేయాలన్నా భయపడే తెలుగు విద్యార్థికి ఆ గోడ బాగా పరిచయం.

డబ్బు ఆటలో కసిని చంపేస్తుందన్న భయానికి మన దగ్గరే సమాధానముంది. హైదరాబాద్ ఆటో డ్రైవరు కొడుకు మహమ్మద్ సిరాజ్‌ను 2017 ఐపీఎల్ వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్ల రూపాయలకు తీసుకుంది. ఎనిమిదేళ్ల తర్వాత, 2025 ఆగస్టులో, ఓవల్ టెస్టు చివరి ఉదయం ఇంగ్లండ్‌ను ఆరు పరుగుల తేడాతో పడగొట్టిన బౌలరు అతనే. అప్పటికి సిరీస్‌లోని ఐదు టెస్టులూ ఆడి ఉన్నాడు.

సరే, మైదానంలో ఏం జరిగింది? డబ్బున్న నాలుగు కాలేజీలే అన్నీ ఎగరేసుకుపోతాయని జోస్యం చెప్పారు. కుర్రాళ్లు ‘ఉచితంగా’ ఆడిన కాలం ఎక్కువగా ఉన్న తొలి పది ప్లేఆఫ్‌ల లెక్క చూడండి. 2014 నుంచి 2023 వరకు ఏడాదికి నాలుగు చొప్పున నలభై స్థానాలు. అలబామాకు ఎనిమిది, క్లెమ్సన్‌కు ఆరు, ఒహాయో స్టేట్‌కు ఐదు, ఓక్లహోమాకు నాలుగు, జార్జియాకు మూడు. నలభైలో ఇరవై ఆరు ఐదు జట్లవే. ఇప్పుడేమో 2024 అక్టోబరు 5న నాష్‌విల్‌లో, దశాబ్దాలుగా అందరి చేతా దెబ్బలు తిన్న వాండర్‌బిల్ట్ నంబర్ వన్ అలబామాను 40–35తో ఓడించింది. నడిపించింది న్యూ మెక్సికో స్టేట్ నుంచి మారి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా. జనం గోల్‌పోస్టులు పీకి భుజాన మోసుకుంటూ ఊళ్లోంచి నడిచి కంబర్లాండ్ నదిలో పడేశారు. అదే ఏడాది సీజన్‌కు ముందు అంచనాల్లో తమ లీగ్‌లోని పదహారు జట్లలో పదహారో స్థానం దక్కిన అరిజోనా స్టేట్ ఆ లీగ్ గెలిచింది. చరిత్రలో అత్యధిక పరాజయాలు మూటగట్టుకున్న జట్లలో ఒకటైన ఇండియానా, బర్కిలీ నుంచి వచ్చిన ఫెర్నాండో మెండోజాతో ఒక్క ఆటా ఓడకుండా 2026 జనవరిలో జాతీయ విజేత అయింది. ఆటగాళ్లకు కదిలే స్వేచ్ఛ లేకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు.

డబ్బు కోసం చదువు మధ్యలో ఆపేస్తున్నారన్న ఫిర్యాదు కూడా తిరగబడింది. ఆడే గడువు ఇంకా మిగిలుండగానే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవాళ్లు 2021లో 353 మంది, 2025లో 106. కాలేజీలోనే చేతికి డబ్బు అందుతుంటే తొందరపడి వదిలి వెళ్లాల్సిన అవసరమేముంది? అయోవాలో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడిన కెయిట్లిన్ క్లార్క్ ప్రకటనల మీద సంపాదించింది కాలేజీలో ఉండగానే. ప్రొఫెషనల్ లీగ్‌లో ఆమె మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. 2024లో ఆమె ఆడిన మహిళల ఫైనల్‌ను టీవీలో 1 కోటి 89 లక్షల మంది చూశారు, పురుషుల ఫైనల్ చూసినవాళ్లకన్నా 40 లక్షలు ఎక్కువ.

ఇప్పటి ఏర్పాటులో లోపాలున్నాయి, పెద్దవే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం కింద పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం, ఒక్కో కాలేజీ తొలి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు పంచే వీలు వచ్చాయి. అందులో అధికభాగం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్‌కే పోతోంది. ఈత, కుస్తీ, జిమ్నాస్టిక్స్ జట్ల మీద కత్తి వేలాడుతోంది. నోటిమాట వాగ్దానాలు, లైసెన్సు లేని ఏజెంట్లు. 2024 సెప్టెంబరులో లాస్ వేగస్ విశ్వవిద్యాలయ క్వార్టర్‌బ్యాక్ ఒకరు తనకు చెప్పిన లక్ష డాలర్లు ఇవ్వలేదంటూ మూడు గెలుపుల తర్వాత జట్టు వదిలేశాడు, అలాంటి హామీ ఇవ్వలేదని అవతలివాళ్లు అన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజమో చెప్పడానికి సంతకాలున్న కాగితం లేదు. కానీ ఈ రోగాలకు కారణం డబ్బు ఎక్కువవడం కాదు, ఒప్పందాలు లేకపోవడం. ప్రొఫెషనల్ లీగుల్లో ఆటగాళ్లకు యూనియన్లున్నాయి, సామూహిక బేరమాడే హక్కుంది. అందుకే అక్కడ జీతాలకు పరిమితులున్నా, జట్టు మారడానికి గడువులున్నా చట్టం ముందు నిలుస్తున్నాయి. కాలేజీలు మాత్రం ఆ పరిమితులన్నీ కావాలంటూ, ఆటగాడిని ఉద్యోగి అనకూడదని అమెరికా కాంగ్రెస్ చుట్టూ తిరుగుతున్నాయి.

డార్ట్‌మత్ కాలేజీ కుర్రాళ్లు దీన్ని సూటిగా అడిగారు. ఆ బాస్కెట్‌బాల్ జట్టులో ఒకతను కాలేజీ భోజనశాలలో కూడా పనిచేసేవాడు. అక్కడి విద్యార్థి కార్మికులు 2022లో యూనియన్ పెట్టుకుని కూలి పెంచుకున్నారు. పళ్లేలు అందించే గంటల్లో ఉద్యోగిగా ఉన్నవాడు బంతి పట్టుకున్న గంటల్లో ఎందుకు కాడని జట్టంతా ఆలోచించింది. 2024 మార్చి 5న 13–2తో యూనియన్‌కు ఓటేసింది. కాలేజీ బేరానికి కూర్చోలేదు. వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారుతోందని, కార్మిక బోర్డు తమకు వ్యతిరేకంగా తేల్చి దారి మూసేస్తుందని భయపడి ఆ ఏడాది డిసెంబరు 31న యూనియన్ తన అర్జీని వెనక్కి తీసుకుంది.