నరం దొరికే చెయ్యి ఎవరిది?

ఈ వారం నర్సింగ్ పిల్లల గురించి రాస్తున్నా. మేడ్చల్ రోడ్డు మీద పోయినా, రాజీవ్ రహదారి పట్టుకుని శామీర్‌పేట దిక్కు పోయినా కాలేజీ బోర్డులే బోర్డులు. వాటిలో నర్సింగ్ చదివే పిల్లల్లో నాకు తెలిసినవాళ్లు ఎక్కువమంది మన వాడల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్లే.

వీళ్లు పేషెంటు దగ్గరికి పోకముందు ఒకరి మీద ఒకరు పని నేర్చుకుంటారు. బీపీ చూడడం, నాడి పట్టడం, పడుకున్న మనిషిని దింపకుండా పక్క దుప్పటి మార్చడం, ఒళ్లు తుడవడం, కట్టు కట్టడం. కొన్నిచోట్ల రక్తం తీయడం కూడా.

ఇందులో మంచి ఉంది, ముందు అది చెప్తా. తను మంచం మీద పడుకుని, ఇంకొకరి చేత ఒళ్లు తుడిపించుకున్న పిల్లకు ఆ సిగ్గు ఎట్లుంటదో తెలుస్తది. రేపు గాంధీ ఆసుపత్రి వార్డులో పేషెంటు మీద దుప్పటి కప్పడం ఆమె మర్చిపోదు. ఆ సంగతి బొమ్మ నేర్పదు. ఇంకోటి, తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ని కాబట్టి నాకు తట్టేది. అంటువ్యాధి, అంటరానితనం రెండూ ఒకే 'అంటు' నుంచి పుట్టిన మాటలు. నర్సింగ్‌లో మొదట నేర్పేవాటిలో ఒకటి చేతులు కడుక్కోవడం. సబ్బుకు పోయే అంటు ఏదో, ఊరు మన నెత్తిన పెట్టిన అంటు ఏదో ఆ గదిలో విడివిడిగా కనిపిస్తాయి. రెడ్ల పిల్ల చెయ్యి పట్టుకుని మాదిగ పిల్ల నాడి లెక్కపెడుతుంది, తర్వాత ఆ పిల్ల వంతు. ఒకప్పుడు ఒంటి మురికి ముట్టే పని అని పైకులాలు ఈ కొలువుకు దూరం జరిగాయి. 1946లో భోర్ కమిటీ లెక్క కట్టేనాటికి దేశం మొత్తానికి నర్సులు సుమారు 7 వేల మందే. మిషన్ ఆసుపత్రుల్లో ఆ పని అందుకున్నవాళ్లలో మన ఆడబిడ్డలు ఉన్నారు. అందుకే ఈ పద్ధతిని నేను తేలిగ్గా తిట్టలేను.

నా పేచీ సూది దగ్గర. మేడ్చల్ వైపు ఒక ప్రైవేటు కాలేజీలో చదివే పిల్ల, నా పాత స్టూడెంటు చెల్లె, నాకు చేతులు చూపించింది. మోచేతి మడతలో కమిలిపోయి ఉంది. "నా చెయ్యి సన్నగుంటది సార్, నరం మంచిగ కనవడ్తది. అందుకే మేడమ్ నన్నే పిలుస్తది" అన్నది. మరి సూది పట్టే వంతు నీకెప్పుడొస్తది అంటే నవ్వింది. వంతుల్లేవు. 'ఒకరి మీద ఒకరు' అనే మాటలో మొదటి 'ఒకరు' ఎప్పుడూ ఆమెనే. తెలంగాణ ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెప్పింది. ఆ ఉన్న రక్తం తోడే చెయ్యి కూడా వెతికి వెతికి ఇదే.

వద్దని అనలేదా అని అడిగిన. "సర్టిఫికెట్లు ఆఫీసుల ఉన్నయ్ సార్. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంక రాలే. ఇంటర్నల్ మార్కులు మేడమే ఏస్తది."

శామీర్‌పేటలోనే నల్సార్ ఉంది. అక్కడి లా విద్యార్థులు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం చదువుతారు. దాని 16వ సెక్షన్ ప్రకారం, ఎదుటివాళ్ల ఇష్టాన్ని శాసించగల స్థానంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుని అనుచిత లాభం పొందితే అది అనుచిత ప్రభావం. అట్లా వచ్చిన సమ్మతిని స్వేచ్ఛా సమ్మతి అనరు. అది ఒప్పందాల చట్టం, సూదుల చట్టం కాదు, నాకు తెలుసు. కానీ సర్టిఫికెట్లున్న బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో చూస్తే సంగతి అదే.

అడ్మిషన్ రోజే సంతకం తీసుకున్నామని కాలేజీ అనొచ్చు. సంతకాలు ఖమ్మంలో కూడా ఉన్నాయి. 2009లో భద్రాచలం చుట్టుపక్కల 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పథకం అది. ఎందరో ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు ఫారాల మీద సంతకాలు పెట్టేశారు. గొడవ అయ్యాక 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంతకాలనే తప్పుబట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పేద పిల్ల తరఫున 'సరే' అనే హక్కు ఎవరికి వచ్చింది అన్నదే నా ప్రశ్న.

కాలేజీలకు దారి లేక కాదు. నరాలున్న ప్లాస్టిక్ చేతులు దొరుకుతాయి. 2021లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ కొత్త నిబంధనలు స్కిల్ ల్యాబ్‌కు గంటలు కేటాయించాయి. కానీ ఆ చెయ్యి కొనాలి, అరిగితే తొడుగు మార్చాలి. పిల్ల చెయ్యి ఉత్తగనే వస్తది, పైగా ఫీజు కూడా ఆ పిల్లనే కడ్తది.

మేడ్చల్, శామీర్‌పేటలో పనిచేసే విద్యార్థి సంఘాల మిత్రులు ఈ నెల ఈ కాలేజీలకు పోవాలి. ప్లాస్టిక్ చెయ్యి ఉందా, ఉంటే బీరువా దాటి బయటికి వచ్చిందా చూడండి. సూది ముట్టకముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించారా అడగండి, దానికి ఆరు నెలలు పడుతుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చుకుంటే హెచ్ఐవీ మందు 72 గంటల్లోపు, వీలైతే రెండు గంటల్లోనే మొదలుపెట్టాలి. అదెక్కడ దొరుకుతుందో ఆ పిల్లలకు ఎవరైనా చెప్పారా? వద్దన్న పిల్లకు మార్కులు పోతున్నాయా అన్నది మేడమ్ ముందు కాకుండా హాస్టల్ దగ్గర అడగండి.

పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా రాయొద్దు. సర్టిఫికెట్లు ఇంకా ఆ ఆఫీసులోనే ఉన్నాయి.

జై భీమ్.