తప్పు చేతిదా, స్విచ్‌దా?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో బి-17 వంటి అమెరికా సైనిక విమానాల్లో ఒకే రకం ప్రమాదం పదే పదే జరిగేది. విమానం క్షేమంగా దిగి రన్‌వే మీద పరుగు తీస్తుండగా, పైలట్ రెక్కల వెనకనుండే ఫ్లాప్‌లను పైకి తీసుకోవాలి. దానికి బదులు చక్రాలను పైకి తీసేసేవాడు. చక్రాలు ముడుచుకుని విమానం పొట్ట నేలకు రాసుకుపోయేది. రాతకోతల్లో కారణం మాత్రం ఒక్కటే: పైలట్ తప్పిదం.

ఆ మాటతో సరిపెట్టుకోని వ్యక్తి ఆల్ఫాన్స్ చపానిస్. మనస్తత్వశాస్త్ర పరిశోధకుడైన ఆయన 1942 డిసెంబరులో ఒహాయో రాష్ట్రం డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్‌లోని వైమానిక వైద్య పరిశోధనశాలలో చేరారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. సి-47 రవాణా విమానాలు నడిపే పైలట్లకు ఈ పొరపాటు జరగడం లేదని ఆయన గమనించారు. వాళ్లదీ అదే యుద్ధం, అదే అలసట. మరి తేడా ఎక్కడ?

జవాబు కాక్‌పిట్‌లోనే దొరికింది. బి-17లో చక్రాల స్విచ్, ఫ్లాప్‌ల స్విచ్ పక్కపక్కనే, చేతికి ఒకేలా తగిలేవి. సి-47లో ఆ రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు తీరులో ఉండేవి. గంటల తరబడి గాలిలో గడిపి, కళ్లు రన్‌వే మీద పెట్టుకుని, చేత్తో తడుముకునే మనిషికి ఈ తేడాయే ప్రాణం. చపానిస్ సూచించిన మందు ఎంతో చవకైనది. చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్‌ల మీటకు రెక్క అంచులా ఏటవాలుగా ఉండే బిళ్ల. వేళ్లకు తగలగానే ఏది ఏదో తెలిసిపోతుంది. ఇవాళ హైదరాబాద్ నుంచి ఎగిరే ఎయిర్‌బస్‌లోనైనా, బోయింగ్‌లోనైనా చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడే ఉంటుంది. అమెరికా విమానయాన నిబంధనల్లో ఈ పిడుల ఆకారం బొమ్మలతో సహా రాసిపెట్టారు.

అదే రైట్ ఫీల్డ్‌లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 1947లో మరో మెట్టు ఎక్కారు. కాక్‌పిట్‌లో చేసిన పొరపాట్లను పైలట్ల నోటనే చెప్పించి, అలాంటి 460 అనుభవాలను విడదీసి చూశారు. వాటిలో సగం ఒక మీట బదులు మరో మీట లాగినవే. బి-25లో ఎడమ నుంచి థ్రాటిల్, ప్రొపెల్లర్, మిక్చర్ మీటలుంటే, సి-47లో ప్రొపెల్లర్ ముందు, థ్రాటిల్ తర్వాత. సి-82లో మిక్చరే మొదటిది. ఒక విమానంలో అలవాటు పడిన చెయ్యి రెండో విమానంలో పొరబడకుంటేనే ఆశ్చర్యం! హ్యూమన్ ఫ్యాక్టర్స్ అనే శాస్త్రానికి పునాది పడింది ఇలాంటి పనుల మీదనే.

కంప్యూటర్లు వచ్చాక ఈ సమస్య పోలేదు, రూపు మార్చుకుంది. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎయిర్ ఇంటర్ సంస్థ ఎ320 విమానం కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. దిగే కోణాన్ని 3.3 డిగ్రీలుగా పెట్టబోయి, నిమిషానికి 3,300 అడుగుల వేగం పెట్టి ఉంటారన్నది దర్యాప్తులో బలంగా నిలిచిన వివరణ. తెరమీద ఒకటి 3.3గా, మరొకటి 33గా కనిపించేది. మధ్యలో ఉన్న తేడా ఒక్క చుక్క. తర్వాత వేగాన్ని నాలుగంకెల్లో చూపేలా తెరను మార్చారు.

రైళ్లలో పద్ధతి కొంత వేరు. సిగ్నల్ కనిపించగానే లోకో పైలట్, అసిస్టెంట్ దాని రంగును ఒకరికొకరు బిగ్గరగా చెప్పుకోవడం మన దగ్గరా ఉంది. జపాన్‌లో వేలితో చూపిస్తూ చెబుతారు. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ 1994లో పరీక్షిస్తే, ఇలా చూపి, పలికినప్పుడు నూటికి 2.38గా ఉన్న పొరపాట్లు 0.38కి దిగాయి. చూసేవాళ్లకు తంతులా కనిపించే ఈ పని నిజంగా రక్షణ కవచమే.

రోడ్డు దగ్గరికి వచ్చేసరికే ఈ జ్ఞానమంతా గాలికి పోతోంది. ప్రమాదం జరగ్గానే ‘అతివేగం, అజాగ్రత్త’ అన్న రెండు మాటలతో ఎఫ్‌ఐఆర్ పూర్తవుతుంది. అతివేగం అబద్ధమని కాదు. కానీ కేంద్ర రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే ఏమిటో చూడండి. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, పదిమంది చనిపోయినా అది బ్లాక్ స్పాట్. డ్రైవర్లు మారుతున్నారు, బండ్లు మారుతున్నాయి, చోటు మాత్రం మారడం లేదు. బి-17లో పైలట్లు మారినా పొరపాటు మారకపోవడం చూసి చపానిస్ పట్టుకున్నది సరిగ్గా ఇదే. ఆ మలుపునో, కనిపించని డివైడర్ మొననో, వెలుతురు లేని జంక్షన్‌నో ప్రశ్నించకుండా డ్రైవర్‌ను ఒక్కడినే బోనెక్కిస్తే, అదే చోట తర్వాతి శవం లేస్తుంది.

రోడ్డును ప్రశ్నించే దారిని చట్టం మూసెయ్యలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, బాధ్యత ఉన్న అధికార సంస్థకో, కాంట్రాక్టరుకో, కన్సల్టెంటుకో లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. ప్రాణానికి లక్ష చాలా తక్కువ. అయినా ఆ సెక్షన్ ఉంది. ఇంటి మనిషిని రోడ్డు మీద పోగొట్టుకున్నవాళ్లు, వాళ్ల తరఫున నిలబడే వకీళ్లు దాన్ని వాడాలి. ఎఫ్‌ఐఆర్ రాసే చోటే రోడ్డు సంగతి కూడా రాయమని పట్టుబట్టాలి.