కథా సంవిధానము: బీజము, ఫలము

కథలు వ్రాయ నుత్సహించు సోదరీమణుల రచనలలో భాషకు గాని భావమునకు గాని కొఱత యుండదు. కొఱత యెల్ల కూర్పుననే. నాయిక కష్టములు నాలుగు పుటలు సాగును. తుదకు కఠినురాలగు అత్తగారికి జబ్బు చేయును, లేదా దేశాంతరమేగిన భర్త ఆకస్మికముగా తిరిగి వచ్చును. కథ ముగియును గాని చదువరికి తృప్తి కలుగదు. ఏలన, ఆ ముగింపు కథలోనుండి పుట్టినది గాదు. బయటినుండి తెచ్చి అతికినది.

మన పెద్దలు ఈ విషయమును మిగుల సూక్ష్మముగా విచారించిరి. భరతుని నాట్యశాస్త్రమును, పదవ శతాబ్దమునాటి ధనంజయుని దశరూపకమును ఇతివృత్తమునకు ఐదు సంధులు చెప్పినవి. ముఖమున బీజము నాటబడును. ప్రతిముఖమున నది కొంత కనబడుచు, కొంత మఱుగుపడుచు మొలకెత్తును. గర్భమున ఆశయు నిరాశయు పెనగులాడును. విమర్శమున గొప్ప విఘ్నము దాపురించును. నిర్వహణమున చెదరినవన్నియు ఒకచోట జేరి ఫలించును. ఇది నాటకమునకు జెప్పినదే యైనను కథకును చెల్లును.

శాకుంతలమును జూడుడు. మహాభారతమున దుష్యంతుడు శకుంతలను ఎఱిగియు ఎఱుగనట్లు పలుకును; అశరీరవాణి వినబడిన పిమ్మట స్వీకరించును. కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరపు వృత్తాంతమును చేర్చెను. రాజు పేరు చెక్కిన యుంగరము మొదటి యంకముననే మన కంటబడును. నాలుగవ యంకమున శకుంతల పరధ్యానమున అతిథిని గమనింపకపోవుటచే శాపము తగులును. ఐదవ యంకమున ఉంగరము లేక ఆమె తిరస్కృతయగును. ఆఱవ యంకమున జాలరికి దొరకిన యుంగరము రాజును జేరును. తాపసులు మొదట దీవించిన చక్రవర్తియగు కుమారుడు ఏడవ యంకమున సింహపుపిల్లతో నాడుచు కనబడును. ముడివేసిన దారముతోనే కవి ముడి విప్పెను.

ఇక మన యిండ్లలోని కథ నొకదానిని గూర్చి చూతము. కోడలికి చదువేలయను అత్తగారు తుదకు ఆ చదువునే మెచ్చవలెను. ఇది ఫలము. దీనిని ముందుగా వ్రాసికొని వెనుకకు నడువవలెను. చదువురాని యత్తగారు తన పొలము కాగితములను ఒక బంధువుచే చదివించుకొనుచుండుట ముఖము. కోడలు చాటుగా అక్షరములు నేర్చుట ప్రతిముఖము. పుస్తకము పట్టుబడి, ఇక చదువనని ఆమెచే ఒట్టు వేయించుట గర్భము. ఆ బంధువే యొక దస్తావేజు తెచ్చి అత్తగారిని వ్రేలిముద్ర వేయుమనుట విమర్శము: చదివిన ఒట్టు తప్పును, చదువకున్న పొలము పోవును. కోడలు కాగితమందుకొని బిగ్గఱగా చదువుట నిర్వహణము.

ఇందు అత్తగారి మనసు మార్చినది జబ్బు గాదు, అదృష్టము గాదు, కోడలి సాహసము. 1902లో హిందూసుందరి పత్రికలో వెలువడిన భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి యందును భర్తను దొంగతనమునుండి మరలించునది భార్య దృఢచిత్తమే.

కావున సోదరీమణులారా, కలము పట్టుటకు ముందు ఒక చిన్న కాగితముపై ఐదు వాక్యములు వ్రాసికొనుడు. నాలుగవ వాక్యమునకును ఐదవ వాక్యమునకును నడుమ మీ నాయిక యేమి చేయుచున్నదో ప్రశ్నించుకొనుడు. ఏమియు చేయకున్నచో కథ యింకను పుట్టలేదని యెఱుంగుడు. మన కథలలోని స్త్రీలు కన్నీరు కార్చుటకే కాక, కథను నడుపుటకును పుట్టవలెనని మా కోరిక.