ఐరోపా విద్యావిధానమున విశ్వవిద్యాలయ సంఘముల స్థానము

ఉన్నతవిద్యపై శాసనాధికారము ఐరోపాలో నేటికిని ఆయా దేశప్రభుత్వములదే. 1992లో సంతకములైన మాస్ట్రిక్ట్ ఒడంబడిక ఐరోపా సమాజమునకు విద్యారంగమున సహాయకస్థానము మాత్రమే ఇచ్చినది. సభ్యదేశముల విద్యాశాసనములను ఏకరూపము చేయు అధికారమును స్పష్టముగా నిరాకరించినది. ఐనను ఆ ఖండమున పట్టముల క్రమము, పరిశోధనశిక్షణ, నాణ్యతాపరీక్ష చాలవరకు ఒకే మార్గమున నడచుచున్నవి. ఆజ్ఞాపించువాడు లేనిచోట ఈ ఏకరీతి ఎట్లు కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారు విశ్వవిద్యాలయ సంఘముల చరిత్రను తప్పక పరిశీలింపవలెను.

బొలోన్యా విశ్వవిద్యాలయపు తొమ్మిదివందల యేండ్ల ఉత్సవమున, 1988 సెప్టెంబరు 18న, 388 మంది రెక్టర్లు ‘మాగ్నా కార్టా యూనివర్సిటాటుమ్’ అను పత్రముపై సంతకము చేసిరి. రెక్టర్లనగా ఇచటి ఉపకులపతులతో సమానులు. విశ్వవిద్యాలయము స్వతంత్రముగా నుండవలెననియు, బోధనయు పరిశోధనయు విడదీయరానివనియు ఆ పత్రము ప్రకటించినది. అది శాసనము కాదు. ఐనను 1999 జూన్ 19న 29 దేశముల పక్షమున వెలువడిన బొలోన్యా ప్రకటన ఆ పత్రమును పేర్కొని, దాని సూత్రములను ప్రమాణముగా గ్రహించినది. ముందు విద్వాంసుల మాట, పిమ్మట మంత్రుల అంగీకారము: క్రమమిది.

2001 మార్చిలో సలమాంకా నగరమున రెండు పూర్వసంఘములు ఏకమై ఐరోపా విశ్వవిద్యాలయ సంఘము ఏర్పడినది. అదే సంవత్సరము మే నెలలో ప్రాగ్‌లో మంత్రులు ఆ సంఘమునకును, విద్యార్థిసంఘమునకును సంప్రదింపులలో స్థానమిచ్చిరి. 2005 ఫిబ్రవరిలో సాల్జ్‌బర్గ్ సదస్సు డాక్టరేటు శిక్షణకు పది సూత్రములను కూర్చినది. మౌలిక పరిశోధనచే జ్ఞానమును వృద్ధిచేయుటయే ఆ శిక్షణకు సారమన్నది వానిలో మొదటిది. ఆ యేడే బెర్గెన్‌లో మంత్రులు ఈ భావమును స్వీకరించిరి. నాణ్యతాప్రమాణముల ముసాయిదాను సైతము నాణ్యతాసంస్థల సంఘము, విశ్వవిద్యాలయ, విద్యార్థి సంఘములతో కలసి సిద్ధపరచగా మంత్రులు అచటనే ఆమోదించిరి.

ఇచట అంధపంగు న్యాయము చక్కగా అన్వయించును. ప్రభుత్వమునకు నడచు శక్తి కలదు. తరగతి గదిలోని త్రోవ దానికి కనబడదు. విశ్వవిద్యాలయమునకు చూపు కలదు. నడచు శక్తి లేదు.

సంప్రదింపు అలంకారమాత్రమేయని, సంఘముల మాటకు బలము లేదని కొందరు ఆక్షేపింతురు. 2017లో హంగరీ చేసిన చట్టము బుడాపెస్ట్‌లోని సెంట్రల్ యూరోపియన్ విశ్వవిద్యాలయమునకు ముప్పు తేగా సంఘములు ఖండించినవి, ఫలితము లేకపోయినది. 2020 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానము ఆ చట్టము చెల్లదని తీర్పు చెప్పునాటికే ఆ విద్యాలయము వియన్నాకు తరలినది. ఆక్షేపము సత్యమే, కాని పూర్ణసత్యము కాదు. ప్రభుత్వము విననొల్లనిచోట ఖండనము వ్యర్థము. వినదలచినచోట మాత్రము, సిద్ధమైన ముసాయిదాతో వచ్చిన సంఘమే విధానమును నడపును.

ఇంతకంటె గంభీరమైన ఆక్షేపము వేరొకటి కలదు. రెక్టర్ల సంఘము విద్యాలయముల అధిపతుల సంఘము. అధ్యాపకుల సంఘము కాదు. అధ్యాపకుల అంతర్జాతీయ సంఘమునకు బొలోన్యా సంప్రదింపులలో స్థానము 2005లో గాని లభింపలేదు. బోధించువాడు విద్యార్థి కంటె నాలుగేండ్లు ఆలస్యముగా పిలువబడుట విచారకరము. అధిపతి సంఖ్యలు చూచును. విద్యార్థులు కొలదిగానున్న శాస్త్రము ఆ లెక్కలో నిలువదు. 1814లో పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్‌లోను, 1818లో బాన్‌లోను సంస్కృతపీఠములు వెలసినది సంఖ్యాబలము చూచి కాదు.

ఐనను ఈ దోషమునకు పరిహారము సంఘముచేతనే సాధ్యమని జర్మనీ చూపినది. అచటి రెక్టర్ల సమ్మేళనము 2007లో ‘చిన్న శాస్త్రముల’ భవిష్యత్తును ప్రత్యేకముగా విచారించినది. భారతీయ విద్యాధ్యయనము ఈ కోవలోనిదే. ఇట్టి శాస్త్రములకు దేశమంతట ఎన్ని ఆచార్యపదవులు కలవో తెలుపు పట్టిక నేడు మైంజ్ విశ్వవిద్యాలయమున నిర్వహింపబడుచున్నది. ఒక్కొక్క విద్యాలయము తన ఆయవ్యయములను మాత్రము చూచి ఒక పీఠమును మూసివేయవచ్చును. అట్లు మూయబడినది దేశమున కడపటి పీఠమేమో చూడగలది సంఘమే.

కనుక విశ్వవిద్యాలయ సంఘమును దాని సభ్యసంఖ్యతో కొలువరాదు. తన తరఫున తాను మాటాడజాలని శాస్త్రమునకు అది మంత్రుల యెదుట వాక్కు కాగలిగినదా, లేదా అన్నదే కొలబద్ద.