సూది, మత్తు, వైరస్ పరిణామం: ఒక ప్రణాళిక

హెచ్‌ఐవీ తన జన్యువుకు నకలు తీసేటప్పుడు తప్పులు చేస్తుంది. వాటిని సరిచూసుకునే ఏర్పాటు దానికి లేదు. దాని జన్యుపాఠం సుమారు 9,700 అక్షరాలు. నకలు తీసిన ప్రతిసారీ లక్ష అక్షరాలకు రెండు మూడు చొప్పున పొరపాట్లు దొర్లుతాయి. చికిత్స అందని ఒంట్లో రోజూ వందల కోట్ల వైరస్ కణాలు పుడుతుంటాయి. కాబట్టి మారడం దానికి కొత్త కాదు. ఏ మార్పు నిలబడుతుందన్నది మాత్రం అది ఉన్న ఒంటిని బట్టి, ఆ ఒంటికి చేరిన దారిని బట్టి ఉంటుంది. మత్తుమందుల వ్యసనం ఈ రెండింటినీ తాకుతుంది. వైరస్ పరిశోధకులు, హెచ్‌ఐవీని అణచే మందుల చికిత్స (ఏఆర్‌టీ) ఇచ్చే వైద్యులు, సూదుల పంపిణీ కార్యకర్తలు కలిసిన బృందం కట్టుబడే ఈ ప్రణాళికకు మూలం అదే.

ఆధారం ఎంత చెబితే అంతే చెప్పాలన్నది తొలి నియమం. మార్ఫిన్‌కు అలవాటు చేసిన రీసస్ కోతులకు హెచ్‌ఐవీని పోలిన కోతుల వైరస్ ఎస్‌ఐవీని, దానికి హెచ్‌ఐవీ భాగాలు అతికించి తయారుచేసిన ఎస్‌హెచ్‌ఐవీని ఎక్కించినప్పుడు వాటిలో కొన్ని చాలా త్వరగా జబ్బు ముదిరి చనిపోయాయి. 2006లో వెలువడిన విశ్లేషణలో ఒక విచిత్రం బయటపడింది: వైరస్ విపరీతంగా పెరిగి, జబ్బు వేగంగా ముదిరిన కోతుల్లోనే వైరస్ టాట్ జన్యువు తక్కువగా మారింది. రోగనిరోధక శక్తి చేతులెత్తేసిన ఒంట్లో వైరస్‌కు వేషం మార్చాల్సిన పని ఉండదన్నది దీనికి చెప్పుకునే కారణం. వ్యసనం వైరస్ పరిణామాన్ని తప్పక వేగిరపరుస్తుందన్న మాట, వినడానికి ఎంత సబబుగా ఉన్నా, ఇక్కడ నిలవదు. పైగా ఆ కోతులు గుప్పెడే. మనుషుల బతుకులోనైతే హెపటైటిస్ సి, అర్ధాకలి, జైలు, మధ్యలో ఆగిపోయిన మందులు కలగలిసి ఉంటాయి. వీటిని విడదీయకుండా మార్ఫిన్ మీదే నేరం మోపే పరిశోధనను బృందం ఒప్పుకోదు.

దారి విషయంలో ఆధారం గట్టిది. మత్తుమందు ఎక్కించుకునేవారు సూది నరంలో దిగిందో లేదో చూడటానికి సిరంజి పిడిని కాస్త వెనక్కి లాగుతారు. లోపలికి ఎర్రగా రక్తం వస్తుంది. మందంతా పోయాక కూడా సూది మొదట్లో ఆ రక్తం కొంత మిగులుతుంది. అదే సిరంజి పక్కవారి చేతికి వెళ్తుంది. మణిపూర్‌లో 1989 సెప్టెంబరు దాకా సూది వాడేవారిలో కనిపించని హెచ్‌ఐవీ ఆ తర్వాత ఆరు నెలల్లో దాదాపు సగం మందిలో తేలింది. చైనాలోని యున్నాన్‌లో థాయిలాండ్ వైపు నుంచి వచ్చిన బి ఉపరకం, భారత్ వైపు నుంచి వచ్చిన సి ఉపరకం సూది వాడేవారి మధ్య కలిశాయి. ఒక్కో వైరస్ కణంలో రెండు ఆర్‌ఎన్‌ఏ ప్రతులు ఉంటాయి; అవి రెండు వేర్వేరు ఉపరకాలవీ కావచ్చు. నకలు తీసే ఎంజైము ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి గెంతుతుంది. అలా పుట్టిన సీఆర్‌ఎఫ్07-బీసీ, సీఆర్‌ఎఫ్08-బీసీ రకాలు హెరాయిన్ రవాణా దారుల వెంటే షింజియాంగ్‌కు, గ్వాంగ్షీకి చేరాయి. మాజీ సోవియట్ దేశాల్లో మాత్రం సూదుల ద్వారా చెలరేగిన వ్యాప్తిలో వైరస్ నెమ్మదిగా మారింది. నిరోధక శక్తి మేల్కొనేలోపే ఇంకొకరికి అంటుకుంటూ పోతే దాని మీద ఒత్తిడి పడే వ్యవధి ఉండదు.

ఎఫావిరెంజ్, నెవిరపిన్ మందులను కె103ఎన్ అనే ఒక్క మార్పు పనికిరాకుండా చేయగలదు. మాత్రలు ఓ రోజు వేసుకుని ఓ రోజు మానేస్తే అలాంటి మార్పుకే లాభం. దీన్ని సాకుగా చూపి మత్తు వాడేవారికి ఏఆర్‌టీ వాయిదా వేయడం చాలాచోట్ల జరిగింది. కానీ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పోల్చి చూస్తే, సూది వాడిన చరిత్ర ఉన్నవారిలో మందుల ప్రతిఘటన మిగతావారికంటే ఎక్కువగా ఏమీ తేలలేదు. అందుచేత చికిత్సను మత్తు మానడంతో ముడిపెట్టకూడదు. మత్తుమందుకు బదులుగా బుప్రెనార్ఫిన్ ఇచ్చే చోటే ఏఆర్‌టీ మాత్ర కూడా ఇవ్వాలి. కొత్త సిరంజిలు, వీలైతే రక్తం తక్కువగా మిగిలే రకం, అడిగినన్ని ఇవ్వాలి; భారతదేశపు 2017 నాటి హెచ్‌ఐవీ చట్టంలోని 22వ సెక్షన్ ఇలాంటి పనికి రక్షణ ఇస్తుంది. బృందం పత్రాల్లో, కేసు షీట్లలో 'మత్తుకు బానిస' అన్న మాట ఉండదు.

వైరస్ జన్యుపాఠాలను సమ్మతి ఉంటేనే చదవాలి. ఇద్దరి వైరస్‌లు దగ్గరివని తేలినంత మాత్రాన ఎవరి నుంచి ఎవరికి సోకిందో రుజువు కాదు; మధ్యలో మూడో మనిషి ఉండవచ్చు. 1985 నాటి మత్తుమందుల నియంత్రణ (ఎన్‌డీపీఎస్) చట్టం కింద మత్తు వాడటమే నేరం కాబట్టి ఆ వివరాలు పోలీసుల చేతికి వెళ్లకూడదు. నమూనా పేరూ ఊరూ లేకుండా ఒక అంకెతోనే ప్రయోగశాలకు చేరుతుంది. ఆ అంకె ఎవరిదో తెలిపే పుస్తకం నమూనా తీసిన కేంద్రం దాటదు. ఇచ్చినవారు వద్దన్న రోజున నమూనాను, దాని పాఠాన్ని తొలగిస్తారు.