ఎష్ గుమ్మటములు - మన కర్తవ్యము

విన్సెంట్ ఎష్ (1876-1950) ఆంగ్లేయ వాస్తుశిల్పి. కలకత్తాలో విక్టోరియా స్మారక మందిర నిర్మాణమును పర్యవేక్షించుటయే గాక, ఏడవ నిజాం కొలువులో హైదరాబాదు హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల, కాచిగూడ స్టేషనులకు రూపకల్పన చేసెను. పరాయివాడైనను మన గుమ్మటములను, కమానులను శ్రద్ధతో పరిశీలించి, వాటినే నూతనావసరములకు మలచెను. 1956 నుండి 2018 వరకు కర్నూలు, కడప కక్షిదారులు న్యాయము కోరి ఎక్కినవి ఆ హైకోర్టు మెట్లే. ఆసుపత్రి పాతభవనము మాత్రము శిథిలమై 2020లో మూతపడినది.

మరి మనమో? మన కర్నూలులో హంద్రీ ఒడ్డున, పదునేడవ శతాబ్దపు అబ్దుల్ వహాబ్ సమాధి గుమ్మటములను నిలిచి చూచిన విద్యార్థులెందరు? ఏటా ఒక దినము వారిని కొలతబద్దలతో, కాగితములతో అచ్చటికి పంపవలెనని కళాశాల కమిటీవారికి నా మనవి. ఎరుగనిదానిని ఎవరు కాపాడగలరు?